ముల్లు లేని లెక్క

మూడు గంటలకి క్యాంపు ఎత్తేస్తారు. ఇప్పుడు పన్నెండూ యాభై.

డిటెక్టివ్ వెంకటదుర్గ గడియారం మీంచి చూపు తిప్పి, భీమరాజు ఇంటి అరుగు మీద ఓ పక్కగా కూర్చుంది. చెప్పులు వీధిలోనే విడిచేసింది. గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి గనక లోపలికి తొంగి కూడా చూడలేదు. అది గమనించాకే భీమరాజు భార్య బేబి చేపల బుట్ట కింద పెట్టి, వచ్చి ఎదురుగా నిలబడింది.

"మీకు పద్ధతి తెలుసండి," అంది. "నిన్నొచ్చిన మాస్టారికి తెలీదు. బూట్లతోటే గడప ఎక్కబోయారు. ఇంట్లో అమ్మవారున్నారు బాబూ, రాకూడదన్నాడు మా ఆయన. కాస్త గట్టిగానే అన్నాడు. అంతేనండి. దానికే తీసుకెళ్ళి లాకప్పులో పెట్టేశారు."

ఆ మాస్టారి పేరు గణేష్‌బాబు. రాజమండ్రిలో ఒక కాలేజీలో లెక్కల లెక్చరర్. నిన్న, మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా పదికి, ఈ గుల్లలమొగ సబ్‌సెంటర్ వెనక మెట్ల మీద తల పగిలి పడి ఉన్నాడు. ఆస్పత్రిలో ఇంకా స్పృహ రాలేదు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పల్లంరాజు గంట తిరక్కుండా భీమరాజుని పట్టుకుపోయాడు. గణేష్‌బాబు భార్య రామలక్ష్మికి మాత్రం నమ్మకం కుదరలేదు. నిన్న సాయంత్రమే కొవ్వూరు నుంచి వంతెన దాటి దుర్గ ఆఫీసుకి వచ్చింది.

"సోమవారం ఆయన జిల్లా అధికార్లకి కాగితం ఇచ్చారండి," అని చెప్పింది. "ఆ పూటే అన్నం ముందు కూర్చుని, 'రాములూ, నా లెక్క మరీ బాగా కుదిరిపోయింది, అదే భయంగా ఉంది' అన్నారు. తెల్లారి బస్సెక్కేశారు."

ఆ కాగితంలో ఉన్నది తట్టు జబ్బు లెక్క. ఒక పిల్లాడికి తట్టు పోస్తే వాడి నుంచి ఎంతమందికి అంటుకుంటుంది, ఎన్నాళ్ళకి అంటుకుంటుంది, అంటుకోవడానికి ఊళ్ళో ఇంకెంతమంది మిగిలారు? ఈ మూడూ తెలిస్తే, వచ్చే వారం ఎన్ని కేసులు వస్తాయో ఈ వారమే చెప్పొచ్చు. ఆరోగ్య కేంద్రం పంపిన అంకెలు పెట్టి గణేష్‌బాబు తేల్చిందేమిటంటే, గుల్లలమొగలో ఒక్కొక్కరి నుంచి అంటుకునేది ఒక్కరికన్నా తక్కువకి పడిపోయింది, పది రోజుల్లో జబ్బు దానంతటదే చల్లారిపోతుంది. ఆ మాట మీదే డాక్టర్లనీ, మందులనీ, కాకినాడ నుంచి కొత్తగా తెచ్చిన నాలుగువందల డోసుల టీకానీ మూడు గంటలకి ఇక్కణ్ణుంచి తరలిస్తున్నారు. టీకా పెట్టె మూతయినా ఇంకా తియ్యలేదు.

బేబికి ఆ లెక్కలతో పని లేదు. ఆమెకి కావలసింది ఒక్కటే.

"పెద్దదానికి పోసిందండి. చిన్నదానికి పద్నాలుగు నెలలు. అంటుకుంటుందేమోనని ఇసకలంకలో మా అమ్మ దగ్గర దింపొచ్చాను. ఆదివారం దీనికి నీళ్ళు పోశాక దాన్ని తెచ్చుకోవాలి. క్యాంపులో సూది వేయించాకే ఇంట్లోకి తెద్దామనుకున్నా. వీళ్ళు వెళ్ళిపోతే నేనేం చెయ్యనండి?"

"పెద్దపాపకి సూది వేయించలేదా?"

"వేయించకేం! ఫిబ్రవరిలో నర్సమ్మే వేసింది. చిన్నదానికి ఆ రోజు జ్వరంగా ఉందని వెయ్యలేదు. సూది వేయించుకున్న పిల్లకే ముందొచ్చిందా, ఇంక మా అత్త చూడండి, ఆ సూది వల్లే అమ్మవారికి కోపం వచ్చిందని పొద్దస్తమానం నన్ను సాధిస్తోంది. అయినా చిన్నదానికి వేయిస్తాను. ఆవిడ తిడితే తిట్టనీండి."

దుర్గ నోట్‌బుక్ తెరిచింది. "నీళ్ళు ఆదివారమే పొయ్యాలా?"

"ఆదివారం గానీ, గురువారం గానీ. మా పాలెంలో మిగతా రోజులు పనికిరావండి. అమ్మవారు వచ్చిన తొమ్మిదో రోజు దాటాక ఈ రెంటిలో ఏది ముందొస్తే అది. చలివిడి, పానకం పెట్టి, తలకి నీళ్ళు పోసి, ఈ మండలు కాలవలో వదిలేస్తాం."

"అప్పటిదాకా నర్సమ్మకి చెప్పరా?"

బేబి గబగబా చెంపలు వేసుకుంది. "తల్లి ఇంట్లో ఉండగా పేర్లు రాయించుకుంటారేంటండీ! నీళ్ళు పోశాకే చెప్తాం. ఆ రోజే రాసుకుంటుంది. ఆవిడకీ తెలుసు."

దుర్గ చేతిలో పెన్ను ఆగింది. 'గురు, ఆది' అని రాసి, కింద రెండు గీతలు గీసింది.

"మీ ఆయనా మాస్టారూ మాటా మాటా అనుకుంది ఎన్నింటికి?"

"బళ్ళో మధ్యాహ్నం గంట కొట్టారండి అప్పుడే. పన్నెండున్నర. మాస్టారు సబ్‌సెంటర్ వైపు వెళ్ళిపోయారు. మా ఆయన ఇదిగో, మీరు కూర్చున్న చోటే కూర్చుని వల బాగుచేసుకున్నాడు. నర్సమ్మ కేకలు వినపడేదాకా లేవలేదు. పదిమంది చూశారు. పదిమందీ మా చుట్టాలేనంట, సాక్ష్యం చెల్లదంట. ఈ పాలెంలో చుట్టం కానివాణ్ణి ఎక్కణ్ణుంచి తేనండి?"

*

ఒంటిగంటా ఇరవైకి దుర్గ సబ్‌సెంటర్ చేరింది. జీపు నీడలో నిలబడి మజ్జిగ తాగుతున్న పల్లంరాజు ఆమెని చూసి గ్లాసు పైకెత్తాడు.

"రండి, రండి దుర్గగారూ! లెక్కల మాస్టారి కేసు కదా, దారంతా ఎక్కాలు అప్పజెప్పుకుంటూ వచ్చారా?"

"పన్నెండో ఎక్కం దగ్గర ఆగానండి. మీరు అందిస్తారని."

"నాకు రెండో ఎక్కం చాలు. గొడవపడ్డవాడు ఒకడు, దెబ్బ తిన్నవాడు ఒకడు. మొత్తం రెండు. కేసు అయిపోయింది." జీపు వెనకసీటు మీద ఉన్న తెడ్డు చూపించాడు. "దీంతోనే కొట్టాడు."

దుర్గ తెడ్డు తిప్పి చూసింది. అంచు పొడుగునా ఎండిన చేప పొలుసులు, వాటి మీద ఉప్పు పేరుకుని ఉంది. నెత్తురు చుక్క లేదు. కడిగి ఉంటే పొలుసులు ఉండవు.

"వెనక మెట్లు చూడొచ్చా?"

"చూడండి. మెట్లకి టిక్కెట్టు లేదు."

మూడు సిమెంటు మెట్లు. రెండో మెట్టు అంచున నల్లబడిన మరక, అరచేతంత. పై మెట్టుకీ గది గడపకీ మధ్య సుద్దతో గీసిన చిన్న గుండ్రం.

"ఇక్కడేం దొరికింది?"

"ఆయన కళ్ళద్దాలు. పగల్లేదు."

"గడప దగ్గరా? మనిషేమో మెట్ల కింద, అద్దాలేమో గడప దగ్గర." దుర్గ గడప మీద నిలబడి, మెట్లకి వీపు పెట్టింది. "గాయం తల వెనక, మెడకి కాస్త పైన. అవునా? ఆయన ఇలా గదిలోకి చూస్తూ ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆ మనిషి రెండు చేతులతో గుండెల మీద తోశాడు. అద్దాలు ముందుకి జారాయి, ఆయన వెనక్కి పడ్డాడు. మెట్టు అంచు తలకి తగిలింది. కొట్టినవాడు లేడండి. తోసినవాడున్నాడు, వాడు గది లోపలున్నాడు."

పల్లంరాజు మజ్జిగ గ్లాసు దించాడు. "భీమరాజు లోపలికి రాకూడదని రాసుందా?"

"ఇంట్లో అమ్మవారుంటే ఆ ఇంటి మగవాడు మందులున్న గడప తొక్కడు. ఈ పాలెంలో ఎవర్నన్నా అడగండి."

"ఎవర్నడిగినా భీమరాజు బావమరిదే!" అని సీఐ విసుక్కున్నాడు. కానీ కిందికి వంగి సుద్దగీత వైపు రెండోసారి చూశాడు.

లోపల నర్సు లోవలక్ష్మి బల్ల సర్దుతోంది. ఇరవై ఏళ్ళుగా ఈ పాలెంలోనే ఉంది. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా క్యాంపు డేరాలో ఉన్నానని, తిరిగొచ్చి చూసేసరికి మాస్టారు మెట్ల మీద పడి ఉన్నారని, గది తీసే ఉంచానని చెప్పింది. అడిగినదానికల్లా సూటిగా జవాబు చెప్పింది.

"మీరు కేసులు రాసుకునే పుస్తకం ఇస్తారా?"

"నాది చిత్తు పుస్తకమేనండి. సోమవారం సోమవారం చీటీ మీద అంకెలు రాసి పంపిస్తాను. పెదగుల్లలో సూపర్‌వైజర్ చంద్రరావుగారు రిజిస్టర్లో ఎక్కిస్తారు. పైకి వెళ్ళేది అదే. నేనది ఎప్పుడూ చూడలేదు. అదిగో, ఆయనే వస్తున్నారు."

తెల్లచొక్కా ఇస్త్రీ నలక్కుండా చంద్రరావు మెట్లెక్కి వచ్చాడు. చంకలో ఎర్ర అట్ట రిజిస్టరు. క్యాంపు ముగిసినట్టు డాక్టరు సంతకం కోసం తెచ్చానన్నాడు. నాలుగు నెలల కిందటే దూరపు జిల్లా నుంచి బదిలీ మీద వచ్చాడట. మాట మెత్తగా ఉంది.

"పాపం మాస్టారు! ఎలా ఉన్నారండి ఆయన?" అని ముందుగా ఆయనే అడిగాడు.

"అలాగే ఉన్నారు. నిన్న మీరు ఆయన్ని కలిశారా?"

"ఆ భాగ్యం లేదండి. ఆయన ముఖం కూడా ఎరగను. నేను పెదగుల్లలోనే ఉన్నాను. ఫోనొస్తే రెండింటికి పరిగెత్తుకొచ్చాను."

"ఆయన పెదగుల్ల రాలేదా?"

"రాలేదండి. పదకొండూ నలభై బస్సుకి తిన్నగా ఇక్కడే దిగారని సీఐగారే చెప్పారు."

"ఈ రిజిస్టరు నిన్న ఎక్కడుంది?"

"నా సొరుగులో. తాళం నా దగ్గరే ఉంటుంది." చంద్రరావు చిన్నగా నవ్వాడు. "ప్రభుత్వ రికార్డు కదండీ."

దుర్గ చేయి చాపింది. ఆయన సీఐ వైపు చూశాడు. సీఐ భుజాలు ఎగరేశాడు. "ఇవ్వండి, చూసుకోనీండి. మూడింటిదాకా కాలక్షేపం."

దుర్గ రెండు పుస్తకాలూ బల్ల మీద పక్కపక్కన పరిచింది. పల్లంరాజుని దగ్గరికి రమ్మంది.

లోవలక్ష్మి చిత్తు పుస్తకంలో ఈ రెండు వారాలూ దాదాపు ఖాళీ. గురువారం ఆరుగురు, ఆదివారం తొమ్మిదిమంది. మళ్ళీ గురువారం పదమూడు, మొన్న ఆదివారం ఇరవై ఒకటి. మధ్య రోజుల్లో ఒక్క పేరు లేదు. ఎర్ర రిజిస్టర్లో అలా కాదు. రోజూ అంకె ఉంది. తొమ్మిది, ఎనిమిది, ఎనిమిది, ఏడు, ఆరు, ఆరు, అయిదు... అలా మెట్లు దిగినట్టు దిగి, నిన్న మంగళవారం ఎదుట ఒకటి.

లోవలక్ష్మి మెడ చాచి చూసి నోరు తెరిచింది. "ఇవి నా అంకెలు కావండి! మంగళవారం ఎవరు చెప్పారు? ఇక్కడ మంగళవారం ఎవరూ చెప్పరు."

"చీటీలు చిందరవందరగా ఉంటే నేనే రోజులవారీగా సర్దానండి," అన్నాడు చంద్రరావు. "పైవాళ్ళకి నీటుగా ఉండాలి కదా."

"రాజుగారూ," దుర్గ సీఐ వైపు తిరిగింది. "ముల్లు లేని పులస మీకెవరైనా అమ్మితే ఏమంటారు?"

"పులస కాదంటాను. తన్ని పంపిస్తాను."

"మాస్టారూ అదే అనుకున్నారు. మనుషుల దగ్గర్నుంచి వచ్చిన అంకెలకి ముళ్ళుంటాయి. ఒకరోజు ఇరవై, ఒకరోజు ఏమీ లేదు. ఈ రిజిస్టర్లో ముల్లే లేదు. జబ్బు తగ్గుతోందని ముందే అనుకుని, కూర్చుని అల్లిన అంకెలివి. అల్లినాయనకి ఈ పాలెంలో నీళ్ళు ఏ రోజు పోస్తారో తెలీదు. తెలిసుంటే గురువారం, ఆదివారమే రాసేవాడు."

"తప్పుడు రికార్డు అనండి, ఒప్పుకుంటాను," అన్నాడు సీఐ. "అది డిపార్ట్‌మెంట్ వాళ్ళ గొడవ. దీనికీ తల పగలడానికీ ఏంటి సంబంధం?"

దుర్గ రిజిస్టరుని కిటికీ వెలుతురుకి తిప్పింది. సోమవారం, మంగళవారం, బుధవారం, శుక్రవారం, శనివారం. ఆ రోజుల అంకెలకి మాత్రమే చుట్టూ సన్నగా పెన్సిల్‌తో సున్నాలు చుట్టి ఉన్నాయి. గురువారాలకీ ఆదివారాలకీ లేవు.

"అనుమానం వచ్చిన అంకెకి ఇలా సున్నా చుట్టడం గణేష్‌బాబుగారి అలవాటు. పిల్లల పరీక్ష పేపర్లు కూడా ఇలాగే దిద్దుతారని వాళ్ళావిడ నాకు చూపించింది. చంద్రరావుగారూ, మీరు ఆయన ముఖం ఎరగనన్నారు. ఈ పుస్తకం పెదగుల్లలో మీ సొరుగులో ఉందన్నారు. ఆయన పెదగుల్ల రాలేదన్నారు. మరి నిన్నటి అంకె చుట్టూ ఆయన పెన్సిల్ ఎలా తిరిగిందండి?"

చంద్రరావు రిజిస్టరు అందుకోబోయాడు. పల్లంరాజు చెయ్యి అంతకన్నా ముందు దాని మీద పడింది.

"కూర్చోండి," అన్నాడు సీఐ. ఆ గొంతులో మజ్జిగ చల్లదనం పోయింది. "నిలబడి చెప్పే కబుర్లు అయిపోయాయి."

చంద్రరావు స్టూలు మీద కూలబడ్డాడు. "చంపాలని కాదండి... తోశాను, అంతే. క్యాంపు పని మీద పుస్తకం పట్టుకుని ఇక్కడికొచ్చాను. ఉన్నట్టుండి ఆయన వచ్చి అది అడిగాడు. ఇచ్చాను. ఇక్కడే కూర్చుని, బల్ల మీదున్న నర్సు పుస్తకం పక్కన పెట్టుకుని సున్నాలు చుట్టాడు. చుట్టి, పద, నీ ఫ్రిజ్ చూడాలి అన్నాడు."

ఫ్రిజ్! దుర్గ ఆ మాట పట్టుకుంది. కానీ ముందు గడియారం చూసింది. రెండూ పది.

"రాజుగారూ, ముందు క్యాంపు ఆపండి."

సీఐ ఈసారి ఎకసెక్కం ఆడలేదు. జీపు దగ్గరికెళ్ళి వైర్‌లెస్‌లో మాట్లాడాడు. క్యాంపు డాక్టరుకి కబురు వెళ్ళింది, భీమరాజుని వదిలెయ్యమని స్టేషన్‌కి కబురు వెళ్ళింది. తిరిగొచ్చి గడపలో నిలబడి, "మీ పన్నెండో ఎక్కం కరెక్టేనండి," అన్నాడు ముక్తసరిగా.

దుర్గ వినిపించుకోలేదు. లోవలక్ష్మి చిత్తు పుస్తకం మీద వంగి, పేర్ల పక్కనున్న టిక్కులు లెక్కపెడుతోంది.

"ఈ టిక్కులేంటండి?"

"సూది పడిన పిల్లలకి పెట్టుకున్నానండి."

"మొత్తం నలభై తొమ్మిది పేర్లు. టిక్కులు నలభై. పాలెం మొత్తం మీద ఎంతమందికి వేశారు?"

"పదిమందిలో ఎనిమిదిమందికి వేశానండి. తిట్లు తింటూనే వేశాను."

దుర్గ పెన్ను కింద పెట్టేసింది. బేబి అత్త పొద్దస్తమానం సాధిస్తున్న మాట ఇప్పుడు లెక్కగా కళ్ళ ముందు నిలిచింది. ఊళ్ళో పదిమందికి ఎనిమిదిమంది సూది పడ్డవాళ్ళు. జబ్బు పడ్డవాళ్ళలోనూ పదిమందికి ఎనిమిదిమంది సూది పడ్డవాళ్ళే. సూది పనిచేసి ఉంటే ఆ రెండో ఎనిమిది మూడుకి దిగాలి. దిగలేదు. అంటే సూది వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే.

"ఫ్రిజ్ ఎన్ని రోజులు ఆగిపోయింది, చంద్రరావుగారూ?"

ఆయన తలెత్తలేదు. "జనవరిలో సెలవు పెట్టకుండా ఊరెళ్ళానండి. ఎనిమిది రోజులు. తిరిగొచ్చేసరికి ఐసంతా నీళ్ళయిపోయింది. పైకి రాస్తే ఉద్యోగం ఊడుతుంది. సీసాలు పైకి బాగానే ఉన్నాయి. వేసినా హాని లేదు కదా అని మళ్ళీ చల్లబరిచి పంపించేశాను. తర్వాత ఇక్కడ కేసులు మొదలయ్యాయి. సూది వేసిన పిల్లలకే వస్తోందంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. అందుకే తగ్గినట్టు రాశాను."

"నా చేత్తో వేశాను," అంది లోవలక్ష్మి, ఎవరితోనో కాదు, తన చేతులకేసి చూసుకుంటూ. "ఏడుస్తున్న పిల్లల్ని పట్టుకుని మరీ వేశాను."

"సరే, అయింది," అన్నాడు పల్లంరాజు. "కొత్త టీకా నాలుగువందల డోసులుంది. క్యాంపు ఉంటుంది. ఈ పాలెంలో మిగిలిన పిల్లలకి సరిపోతుంది. గండం గడిచినట్టే కదండీ?"

చంద్రరావు అప్పుడు తలెత్తాడు. అంతసేపూ లేని భయం ఇప్పుడు ముఖంలో కనపడింది.

"ఆ ఫ్రిజ్ సీసాలు ఈ పాలేనికొక్కదానికే కాదండి. దాని కింద పదకొండు ఊళ్ళున్నాయి."

"మిగతా ఊళ్ళ అంకెలేవి?" అని సీఐ రిజిస్టరు పేజీలు తిప్పాడు. పేజీ తరవాత పేజీ. "అన్నీ సున్నాలే. ఇవీ మీరు అల్లినవేనా?"

"కాదండి. ఒట్టు. అక్కడి నర్సులు పంపినవే. ఎవరూ వచ్చి చెప్పలేదు."

"హమ్మయ్య," అన్నాడు సీఐ.

"హమ్మయ్య కాదు రాజుగారూ!" దుర్గ లేచి నిలబడింది. "తట్టు ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి అంటుకుని బయటపడేసరికి రెండు వారాలు. బయటపడ్డాక నీళ్ళు పోసేదాకా మరో తొమ్మిది పది రోజులు. నీళ్ళు పోశాకే నర్సమ్మకి చెప్తారు. మన పుస్తకంలో ఇవాళ ఎక్కే అంకె ఇవాళ్టిది కాదు, పది రోజుల కిందటిది. ఆ ఊళ్ళలో జబ్బు లేదని ఈ సున్నాలు చెప్పడం లేదు. అక్కడ ఇంకా నీళ్ళు పొయ్యలేదని చెప్తున్నాయి. పుస్తకాలు కట్టేసి గుమ్మాలు చూడమనండి! ఈ పదకొండిట్లో వైర్‌లెస్ ఉన్న ఊరేది?"

"ఒక్కటే. ఇసకలంకలో ఔట్‌పోస్టుంది."

ఆ పేరు వినగానే దుర్గ గిరుక్కున వీధి వైపు తిరిగింది. మొగుణ్ణి వదిలేస్తున్నారని విని వచ్చినట్టుంది, బేబి జీపు పక్కన కొంగు నడుముకి దోపుకుని నిలబడి ఉంది. ముఖం వెలిగిపోతోంది. ఇసకలంక మాట ఇంకా ఆమె చెవిన పడలేదు.

పల్లంరాజు వైర్‌లెస్ అందుకున్నాడు. ఔట్‌పోస్ట్ హెడ్ కానిస్టేబుల్ని ఊళ్ళో ఒక చుట్టు తిరిగి, వేపమండలున్న గుమ్మాలు లెక్కపెట్టి రమ్మన్నాడు. ఇంటి లోపలికి వెళ్ళొద్దు, బూట్లు విప్పమని మరీ చెప్పాడు. ఆ మాట విని బేబి దగ్గరికి వచ్చింది.

"ఏంటండీ? ఇసకలంకలో ఏమైంది?"

"చెప్తాను, ఒక్క నిమిషం ఉండండి," అంది దుర్గ. నాలుగువందల డోసులు, పదకొండు ఊళ్ళు. ఎవరికి ముందు? మాస్టారి లెక్క ఆ ప్రశ్నకే పుట్టింది, ఆ మాస్టారేమో కళ్ళు తెరవకుండా పడి ఉన్నాడు.

రెండూ నలభై రెండుకి వైర్‌లెస్ గరగరలాడింది.

"పద్నాలుగు గుమ్మాలకి ఉన్నాయి సార్. ఓవర్."

రిజిస్టర్లో ఇసకలంక ఎదుట సున్నా. పల్లంరాజు ఆ సున్నా మీద వేలు పెట్టి అలాగే ఉంచేశాడు.

బేబి అరవలేదు, ఏడవలేదు. ముందుకొచ్చి సీఐ చేతిలోని వైర్‌లెస్ వైపు వంగింది.

"ఐసు ఫ్యాక్టరీ ఎదురు సందులో, ఎర్ర తలుపుల ఇల్లు. వీరదుర్గమ్మ ఇల్లు. దానికి లేదు కదా? అడగండి బాబూ."

నిన్న ఆమె మొగుణ్ణి జీపెక్కించిన మనిషి, ఇప్పుడు ఆమె ముఖం చూడలేక పక్కకి తిరిగి మీట నొక్కాడు. ఎర్ర తలుపులు అని రెండుసార్లు చెప్పాడు.

జవాబు రావడానికి నిమిషం పైనే పట్టింది.

"నేను ఆ ఇంటి ముందే ఉన్నాను సార్. లోపల చంటిపిల్ల ఏడుస్తోంది. ముసలావిడ ఇప్పుడే మండ కడుతోంది. చేతులు వణికి ముడి పడ్డం లేదంటోంది. కట్టిపెట్టమంటారా సార్? ఓవర్."